వెయ్యి విస్తళ్ళ పెళ్ళికి ఇద్దరు సాక్షులు

కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు గంగ చెంబు చూపిస్తారు. తిరుపతి వెళ్ళొచ్చినవాళ్ళు గుండు చూపిస్తారు. నేను నెల్లూరు జిల్లాను పైనుంచి కిందికి, కావలి నుంచి సూళ్లూరుపేట దాకా, నాలుగు రోజులు గాలించి వచ్చి కూడా ఎవరికీ ఏమీ చూపించలేకపోయాను. నేను సంపాదించిందల్లా ఒక్క కాగితం. అది కూడా ఆ రోజే టపాలో కొలంబో వెళ్ళిపోయింది. అందులో రాసి ఉన్న విషయం మా జిల్లాలో కాకులకు కూడా తెలుసు: మా అమ్మాయి వసంతకు పెళ్ళయింది.

ఇంత తెలిసిన విషయానికి కాగితం ఎందుకని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. అడిగినందుకే నాలుగు రోజులు తిరగవలసి వచ్చింది.

కొడవలూరు: ఉత్తరం వచ్చిన పూట

మా అల్లుడు కొలంబోలో ఒక బట్టల కొట్టులో లెక్కలు రాస్తాడు. అక్కడ ఉండడానికి వాళ్ళ ప్రభుత్వం ఇచ్చిన అనుమతి ఈ నెలాఖరుతో సరి, ఇక పొడిగించేది లేదన్నారు. సరే, మూటాముల్లె సర్దుకుని వచ్చేద్దాం అనుకున్నారు. అయితే రెండు నెలల కిందట వాళ్ళకు ఆ దేశంలో ఆడపిల్ల పుట్టింది. వెళ్ళేటప్పుడు ఇద్దరు, వచ్చేటప్పుడు ముగ్గురు. ఆ మూడో మనిషి దగ్గరే వచ్చింది చిక్కు.

అమ్మాయి ఉత్తరం మా ఆవిడ చదవమంటే బిగ్గరగా చదివాను. "నాన్నా, మన ఊళ్ళో పిల్ల పుడితే మంత్రసాని ఒక్క కేక పెడుతుంది, అంతటితో ఊరికంతా తెలుస్తుంది. ఇక్కడ నాలుగు కచేరీలకు చెప్పుకోవాలి. ఆస్పత్రి చీటీ తీసుకున్నాం. ఈ దేశం లెక్కలో పుట్టినట్టు రాయించాం. మశూచి టీకా వేయించి దానికో చీటీ, టీకాకు వచ్చిన జ్వరం తగ్గిందని ఇంకో చీటీ తీసుకున్నాం. ఇక పిల్లను మన దేశం మనిషిగా రాయించి నా పాసుపోర్టులో ఎక్కించాలి. దానికి ఇక్కడున్న మన దేశపు కచేరీవాళ్ళు మా పెళ్ళికి రుజువు అడుగుతున్నారు. అది లేకపోతే నన్నూ ఆయన్నీ ఓడ ఎక్కనిస్తారు గానీ పిల్లను ఎక్కనివ్వరు."

మా ఆవిడ విసనకర్ర కింద పెట్టింది. "పిల్లను ఎక్కనివ్వకపోతే ఎవరి చేతిలో పెట్టి వస్తారంట?" అంది.

ఆవిడకు సమాధానం చెప్పలేకపోవడం నాకు కొత్త కాదు గానీ, నోటికి జోకు కూడా రాకపోవడం అదే మొదటిసారి.

ఆ పెళ్ళి ఎలా జరిగిందో చెప్పాలి. వెయ్యి విస్తళ్ళు లేచాయి. వెయ్యి అని నేనంటున్నాను, మా ఆవిడ ఆరువందలంటుంది, ఆవిడకు మొదటినుంచీ లెక్కలు రావు. మూడు పుట్ల మొలగొలుకుల బియ్యం వండించాం. మేళం మోతకు పక్క ఊళ్ళో బర్రెలు పాలు చేపడం మానేశాయి. ఇంత చేసినవాళ్ళం ఒక్క కాగితం ముక్క మాత్రం పుట్టించలేదు. ఫొటో తీయిస్తే ఆయుష్షు తగ్గుతుందని మా మేనత్త అడ్డుపడింది. పెళ్ళి చేయించిన పురోహితులవారు పోయినేడు స్వర్గస్థులయ్యారు.

నెల్లూరు: గుమాస్తాగారి గీత

మర్నాడు నెల్లూరులో మేజిస్ట్రేటు కచేరీకి వెళ్ళి, ట్రంకుపెట్టె అడుగునుంచి తీసిన శుభలేఖను గుమాస్తాగారి ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు ముక్కు కొసకు జార్చి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో పెళ్ళి జరగబోతోందని ఉంది. జరిగిందని ఎక్కడుంది?"

"జరగబోయింది జరిగింది గదండీ, పిల్ల కూడా పుట్టింది."

"పిల్ల పుట్టడం పెళ్ళికి రుజువు కాదండీ," అన్నాడాయన, చాలా మర్యాదగా.

చివరికి ఆయనే దారి చూపించాడు. పెళ్ళి కళ్ళారా చూసిన ఇద్దరు మేజిస్ట్రేటుగారి ఎదుట ప్రమాణం చేసి చెబితే చాలు. వాళ్ళు మా ఊరివాళ్ళు కాకూడదు. నా పొలంలో పనిచేసేవాళ్ళు కాకూడదు. బంధువులు అసలే కాకూడదు. శుక్రవారంలోగా కాగితం టపాలో పడితేనే నెలాఖరుకు ముందు కొలంబో చేరుతుంది. ఆ రోజు మంగళవారం.

నేను కచేరీ వరండాలో కూర్చుని పెళ్ళికి వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే తలుచుకున్నాను. వచ్చినవాళ్ళలో సగం మా ఊరు. మిగతా సగం బంధువులు. వంటవాడు మా మేనమామ కొడుకు. ఊరి మునసబు మా తోడల్లుడు. బంధువు కాని మనిషిని పెళ్ళికి పిలవాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. పిలిస్తే వాడూ బంధువైపోతాడు, అది మా వైపు పద్ధతి. ఒకసారి మా విస్తట్లో చెయ్యి కడిగినవాడికి ఏదో ఒక వరస కలపందే మాకు అన్నం అరగదు.

ఎదురుగా కాఫీ హోటల్లో రెండణాల కాఫీకి పదమూడు నయాపైసలు తీసుకున్నారు. రెండణాలంటే పన్నెండున్నరే గదయ్యా అంటే, "అర నయాపైస మీరిస్తారా, మేమియ్యాల్నా?" అని అడిగాడు గల్లాపెట్టె మీది మనిషి. కొత్త నాణేలు వచ్చి ఇన్నేళ్ళయినా ఆ అర పైస ఎటు పోతోందో ఎవరూ కనిపెట్టలేదు. ఆ కాఫీ మహిమో ఏమో, రెండు పేర్లు తట్టాయి. ఒకటి మేళగాడు మస్తానయ్య, ఊరు కావలి. రెండోది చేపల పోలయ్య, ఊరు సూళ్లూరుపేట దగ్గర పులికాట్ సరస్సు ఒడ్డు. ఒకరు జిల్లాకు ఆ కొస, మరొకరు ఈ కొస. దేవుడికి నా మీద దయ ఉంది గానీ భూగోళం తెలియదు.

కావలి: ఊపిరి బంధుత్వం

కావలి కారం గురించి వినడమే గాని తినని పాఠకులకు ఒక్క మాట. మా కొడవలూరులో పచ్చడి అన్నంలో కలుపుకుంటాం. కావలిలో పచ్చట్లో అన్నం కలుపుకుంటారు. మస్తానయ్య ఇంట్లో మొదటి ముద్దకే నా చెవుల్లోంచి మంగళవాద్యాలు మోగాయి. ఇంటాయన మాత్రం అదే పచ్చడి మీద ఎండుమిరపకాయ నంజుకుంటూ నా గోడు విన్నాడు.

"పెళ్ళి జరిగిందని చెప్పాల, అంతేగదా దొరా? నేను ఊదందే ఆ పెళ్ళి ఎట్ట జరిగిందంట! వస్తా."

"ఇంకోటి కూడా చెప్పాలి మస్తానయ్యా. నువ్వు మాకు ఏమీ కావని చెప్పాలి."

ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది. "ఏమీ కానా? వసంతమ్మకు చెవులు కుట్టించిననాడు ఊదినా. పెళ్ళికి ఊదినా. రేపు ఆమె కూతురికీ నేనే ఊదాల. నేను ఆ బిడ్డకు మామను. మీరు నా ఇంట్లో కూచోని, నా కూడు తింటా, ఏమీ కావు అని చెప్పమంటారా?"

కోపంలో ఆయన బుగ్గలు నాదస్వరం ఊదేటప్పుడు ఎంత ఉబ్బుతాయో అంత ఉబ్బాయి. చూస్తే భయమేసింది. ఆయన భార్య తలుపు చాటునుంచి, "పాపం బిడ్డ ఆడ ఇరుక్కోనుంటే నీ మామరికం ఏందయ్యా?" అని కసిరింది. అప్పుడు నేను నెమ్మదిగా విప్పి చెప్పాను: వాళ్ళడిగేది రక్తసంబంధం, పెళ్ళిసంబంధం, అంతే.

మస్తానయ్య ఆగిన ముద్దను నోట్లో పెట్టుకున్నాడు. "రక్తం లేదనేది నిజమే. ఊపిరి ఉండాది. వాళ్ళు రక్తం గురించి అడిగితే రక్తం గురించే చెప్తా. ఊపిరి గురించి అడిగితే మాత్రం దాచను."

ఊపిరి గురించి ఏ కచేరీలోనూ అడగరని హామీ ఇచ్చి, శుక్రవారం మధ్యాహ్నానికి నెల్లూరు రమ్మని చెప్పి, దారి ఖర్చులు చేతిలో పెట్టి, నాలుకను గాలికి ఆరబెట్టుకుంటూ దక్షిణం రైలు ఎక్కాను.

సూళ్లూరుపేట: నా పాత పాపం

పోలయ్య కథ వేరు. ఆయనకు నా మీద మూడేళ్ళ కోపం.

పెళ్ళి మర్నాడు వియ్యాలవారికి చేపల పులుసు పెట్టాలని, సముద్రం మా ఊరికి ఒక పూట బండి దూరంలోనే ఉన్నా, గొప్ప కోసం పులికాట్ సరస్సు పండుగప్పలు చెప్పించాను. పోలయ్య రెండు గంపల నిండా చేపలు మంచుముక్కల్లోనూ వరిపొట్టులోనూ కప్పి, రైలు మీద తెచ్చి, సరిగ్గా గోధూళి ముహూర్తానికి పందిట్లో దించాడు. తాళి కట్టడం చూశాడు, అక్షింతలు వేశాడు. అటుపైన నేను వియ్యాలవారి ముందు గంపలోకి తొంగిచూసి, పెళ్ళి హడావిడిలో ఒళ్ళు తెలియక, "ఏంది పోలయ్యా, చిన్నవిగా ఉన్నాయే?" అన్నాను.

తాను పట్టిన చేపను చిన్నదంటే అక్కడ ఎలా ఉంటుందో ఆ తీరం తెలియనివాళ్ళకు చెప్పడం కష్టం. మనింటి పిల్లను ఎవరైనా కురూపి అంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆయన విస్తరి ముందు కూర్చోకుండా ఆ సాయంత్రమే వెళ్ళిపోయాడు. తరవాత నెల్లూరు చేపల మార్కెట్లో నేను ఎదురైతే మొహం గోడకు తిప్పేవాడు. నిజానికి ఆ చేపలు చిన్నవి కావు. ఒక్కొక్కటి మా మునసబంత ఉంది.

అందుకే నాకు హుషారుగా ఉంది. ఈ జిల్లా మొత్తం మీద నేను తనకు ఏమీ కానని సంతోషంగా ప్రమాణం చేయగల మనిషి పోలయ్య ఒక్కడే. ఆయన్ను నెల్లూరు దాకా రప్పించడమే సమస్య. రావాలంటే కోపం కొంత తగ్గాలి. సాక్ష్యం చెల్లాలంటే బొత్తిగా తగ్గకూడదు. ఉప్పు ఎక్కువ కాకుండా, తక్కువ కాకుండా పులుసు కాయడం కన్నా కష్టమైన పని.

సూళ్లూరుపేటలో తమిళం, తెలుగు ఒకే వాక్యంలో కాపురం చేస్తాయి. ఇడ్లీ హోటల్లో సాంబారు చెంబుతో పోసి, చాలంటే నొచ్చుకుంటారు. అక్కడినుంచి ఎడ్లబండి మీద సరస్సు ఒడ్డుకు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. నీళ్ళు మోకాలి లోతు, మైళ్ళ తరబడి వెండి పళ్ళెంలా ఉన్నాయి. దూరంగా ఎర్రకాళ్ళ కొంగలు వేల సంఖ్యలో, లక్షలే అనుకోండి, పెళ్ళి బంతిలో కూర్చున్నట్టు బారులు తీరి ఉన్నాయి. గట్టు మీద పోలయ్య వల అల్లుకుంటున్నాడు. నన్ను చూసి మొహం తిప్పబోయాడు గానీ అక్కడ గోడ లేదు.

"చిన్న చేపల కోసం ఇంత దూరం వచ్చినావా సామీ?" అన్నాడు.

నేను ఆయన కోపాన్ని కాపాడుతూనే విషయం చెప్పాను. క్షమించమని అడగలేదు. అడిగితే క్షమిస్తాడేమోనని భయం. పసిపిల్ల సంగతి చెబుతుంటే మాత్రం ఆయన చేతిలో వల కండె ఆగింది.

"నువ్వు నాకు ఏమీ కావని చెప్పాల, అంతేనా? దానికి ప్రమాణం కూడా ఎందుకు? ఊరికేనే చెప్తా. రేపు నెల్లూరు వచ్చి ఈ ఒడ్డంతా వినబడేట్టు చెప్తా."

అంతా నేను లెక్కవేసినట్టే జరిగింది, ఆయన భార్య సుబ్బమ్మ గుడిసెలోంచి బయటికి వచ్చేదాకా. "ఎంత కోపమున్నా ఎండన పడి వచ్చిన మనిషికి అన్నం పెట్టొద్దా?" అని మొగుణ్ణి దులిపి, నా ముందు విస్తరి వేసింది. ఎర్రటి పులుసు, పైన తేలే నూనె, మామిడికాయ ముక్కలు, మధ్యలో విస్తరి దాటి అటూ ఇటూ వేలాడుతున్న పండుగప్ప. నేను తినకూడదనుకున్నాను. తిన్నాను. రెండోసారి వేయించుకున్నాను. మూడోసారి అడగలేదు, ఆమే వేసింది. వేస్తూ అంది: "తిను అన్నా. మనవరాలు వచ్చినాక ఒకసారి ఎత్తుకోనిరా, చూస్తా."

అన్నా! నా చేతిలో ముద్ద బరువెక్కింది. ఆమెకు నేను అన్ననైతే పోలయ్యకు ఏమవుతానో మా జిల్లాలో నడక రాని పిల్లలు కూడా చెబుతారు. భయంభయంగా పోలయ్య వైపు చూశాను. ఆయన మొహంలో మూడేళ్ళ కోపం, మంచుముక్క ఎండలో పెట్టినట్టు, నా కళ్ళముందే కరుగుతోంది.

నెల్లూరు మళ్ళీ: ప్రమాణం

రైల్లో పోలయ్యకు పాఠం చెప్పాను. "బంధువా అని అడుగుతారు. కాదు అను." ఆయన కిటికీలోంచి చూస్తూ "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ నాకు నచ్చలేదు.

మస్తానయ్య మొదట బోనెక్కాడు. "రక్తసంబంధం లేదు సామీ," అని గట్టిగా చెప్పి, గుక్క తిప్పుకుని, ఇంకేమైనా అడుగుతారేమోనని కాసేపు నిలబడి చూశాడు. ఎవరూ అడగలేదు. వేలిముద్ర వేసి దిగులుగా దిగాడు.

తరవాత పోలయ్య. మేజిస్ట్రేటుగారు పెద్దమనిషి, మెల్లగా అడిగారు. "అర్జీదారు నీకు బంధువా?"

"నిన్న పొద్దుటిదాకా కాదు సామీ."

గుమాస్తాగారి కలం ఆగింది. "మరి నిన్న పొద్దుటి తర్వాత?" అన్నాడాయన.

"మా ఆడమనిషి అన్నా అని అన్నం పెట్టింది. ఆ లెక్కన నాకు బావ."

"అది మాటవరసకు గదయ్యా," అన్నారు మేజిస్ట్రేటుగారు.

"మాటవరసకు ఎవురన్నా అన్నం పెడతారా సామీ? ఇంటికి పొయ్యి, నీ అన్న నాకేమీ కాడని చెప్పొచ్చినానంటే ఆ మనిషి నన్ను గడప తొక్కనిస్తుందా?"

"బావ సాక్ష్యం చెల్లదండీ," అని గుమాస్తాగారు కాగితం మీద గీత గీయడానికి కలం వంచాడు. గోడ గడియారం నాలుగున్నర. టపా మూట కట్టేది అయిదుకు. నా కళ్ళముందు కొలంబో రేవు కనిపించింది. ఓడ మెట్ల దగ్గర వసంత, చేతుల్లో పిల్ల. అడ్డంగా ఒక బంట్రోతు చెయ్యి.

ఆ క్షణంలో నేను చేసిన పని నా జీవితంలో చేసిన పనులన్నిటిలోకీ నీచమైనది. లేచి నిలబడి, కచేరీ అంతా వినపడేలా అన్నాను: "అయ్యా, ఈయన పెళ్ళికి తెచ్చిన చేపలూ చిన్నవే. నిన్న నాకు పెట్టిన చేప అంతకన్నా చిన్నది!"

మస్తానయ్య "అయ్యో" అన్నాడు. పోలయ్య నా వైపు తిరిగాడు. మెడనరాలు వలతాళ్ళలా బిగుసుకున్నాయి.

"చిన్నదా? మూడుసార్లు ఏయించుకోని తిన్నావే! చిన్నదా? రాసుకోండి సామీ, ఈ మనిషి నాకెవురూ కాదు! మా ఇంటిదానికి అన్న కాదు, నాకు బావ కాదు, పగోడు కూడా కాదు, దానిక్కూడా తగడు!"

"ప్రమాణపూర్వకంగా చెబుతున్నావా?" మేజిస్ట్రేటుగారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని అడిగారు.

"ఏ దేవుడి మీదైనా సరే!"

"పెళ్ళి చూశావా మరి?"

"చూడకేం? గోధూళి ముహూర్తం. పిల్ల పసుపు చీరె కట్టింది. మూడో ముడి ఏసేటప్పుడు పిల్లోడు దారం జారవిడిస్తే పక్కనున్నామె నవ్వింది. ఆ వెనకాల్నే ఈయన వచ్చి నా గంపలో తల పెట్టి ఇదే మాటన్నాడు. పెళ్ళే జరక్కపోతే ఈ మాట యాడ అంటాడు సామీ?"

ఇంతకన్నా గట్టి రుజువు ఏ రిజిస్టరులోనూ ఉండదు. మేజిస్ట్రేటుగారు సంతకం చేశారు, గుమాస్తాగారు ముద్ర గుద్దారు. నేను పోస్టాఫీసుకు పరుగెత్తిన వేగం చూసి బజారు కుక్కలు కూడా వెంటబడే సాహసం చేయలేదు.

తిరిగి వచ్చేసరికి పోలయ్య వరండా మెట్లు దిగుతున్నాడు. "బావా," అన్నాను.

"నేను నీకెవురు?" అన్నాడు, ఆగకుండా. "కాగితం చూసుకో."

పిల్ల వచ్చిన రైలు

నెలాఖరుకు రెండు రోజుల ముందు పిల్ల ఓడెక్కింది. తల్లి పాసుపోర్టులో పిల్ల పేరు ఒక వరసలో ఉంది, అరచెయ్యంత ముద్ర కింద. మద్రాసు వెళ్ళి ముగ్గుర్నీ ఎదుర్కొని, నెల్లూరు రైలు ఎక్కించి నేనూ ఎక్కాను. ముందే సుబ్బమ్మ పేరిట ఒక కార్డు ముక్క రాసి పడేశాను. చదివించుకుంటుందో లేదో తెలియదు.

సూళ్లూరుపేట స్టేషన్లో సుబ్బమ్మ ఉంది. పోలయ్య కూడా ఉన్నాడు, వీపు మావైపు, మొహం నీళ్ళ కుళాయి వైపు. నేను కిటికీ దగ్గర నిలబడి ఆ వీపునే చూశాను. సుబ్బమ్మ అవన్నీ పట్టించుకోలేదు. పెట్టెలోకి ఎక్కి, వసంత ఒళ్ళోంచి పిల్లను ఎత్తుకుని, బుగ్గలు పుణికి, దిగి, తీసుకెళ్ళి మొగుడి చేతుల్లో పెట్టేసింది. "పట్టుకో, గేటు కాడ పెట్టిన చేపల బుట్ట తెస్తా," అని గేటు వైపు నడిచింది.

పిల్ల పోలయ్య చొక్కా గుండీ పట్టుకుంది. ఆయన విడిపించుకోవాలని చూశాడు. విడిపించుకోవడం రాలేదు. ఇంతలో కూత వేసి రైలు కదిలింది. వసంత కెవ్వుమంది. పోలయ్య పిల్లను గుండెకు అదుముకుని, నడుస్తున్న రైలుతో పాటు నాలుగు అంగలు పరుగెత్తి, మా అల్లుడు చెయ్యి అందిస్తే పెట్టెలోకి ఎక్కేశాడు. గేటు దగ్గర సుబ్బమ్మ బుట్ట నడుం మీద పెట్టుకుని పగలబడి నవ్వడం కనిపించింది.

పోలయ్య నా ఎదురు బల్ల మీద కూర్చున్నాడు. నాతో మాట్లాడలేదు. పిల్లతో మాట్లాడాడు. సముద్రం మీద వచ్చినావా, అలలు పెద్దయిగా ఉన్నాయా అని అడిగాడు. నాయుడుపేట చేరేలోపు టికెట్టు కలెక్టరు వచ్చాడు. మా టికెట్లు చూశాడు. పోలయ్య దగ్గర టికెట్టు లేదు. పిల్ల మాత్రం ఉంది, గుండీ ఇంకా వదల్లేదు.

"ఈయన ఎవరు? మీకేమవుతాడు?" అని నన్ను అడిగాడాయన, జరిమానా రసీదు పుస్తకం తెరుస్తూ.

పెట్టెలో అందరూ నన్నే చూశారు. పోలయ్య మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"మా బావ," అన్నాను.

పోలయ్య కిటికీ నుంచి తల తిప్పి, నన్ను కాదు, ఆ టికెట్టు కలెక్టరును చూశాడు.

"రాసుకో నాయనా, గట్టిగా రాసుకో," అన్నాడు. "ఈయన మళ్ళా మాట మారుస్తాడు."